కింది వరుస

ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. ఆడగొంతే, కానీ మనిషిది కాదు, కంప్యూటర్ తయారుచేసింది. 'నమస్కారం, నేను మీ దిక్సూచిని' అని మొదలుపెట్టి, మీ పిల్ల చదువుకు పనికిరాదని తియ్యతియ్యగా చెప్పి, ధన్యవాదాలతో ముగిస్తుంది. నిరుడు ఎండాకాలం అది మా ఇంట్లోకీ వచ్చింది. దాన్ని పిలిచి తెచ్చినవాణ్ణి నేనే.

నేను ఫలక్‌నుమా దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఇల్లు కిషన్‌బాగ్‌లో. బాపు రాజన్న నల్లా నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పీ తిప్పీ రిటైరయ్యాడు. అమ్మ మాణిక్యమ్మకు షుగరు. చెల్లె స్వీటీ మా కాలేజీలోనే ల్యాబ్ టెక్నాలజీ డిగ్రీ రెండో ఏడు చదివేది. పొద్దున నా బండి వెనక కూర్చుని వచ్చేది, సాయంత్రం నాతోనే తిరిగొచ్చేది. దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. నేను సగం వినేవాణ్ణి, సగం హారన్లు వినేవాణ్ణి.

మా కాలేజీలో ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్ ఉంటాడు. అంటే కాగితం మీద ఉంటాడు. నెలకొకసారి పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టుకుని మాట్లాడాలి, ఏం మాట్లాడామో రిజిస్టర్లో రెండు ముక్కలు రాయాలి. ఎవరూ మాట్లాడరు. ఇన్స్పెక్షన్ వస్తుందనగానే మేం ఆరుగురం స్టాఫ్ రూమ్‌లో సమోసాలు తెప్పించుకుని కూర్చుని, రెండేళ్ల మాటామంతీ ఒక్క మధ్యాహ్నంలో రాసిపారేసేవాళ్లం. ఒకే సిరా కనబడకుండా మధ్యమధ్యలో పెన్నులు మార్చేవాళ్లం. ఆ జాగ్రత్తలో వందో వంతు పిల్లల మీద పెట్టి ఉంటే బాగుండేది.

అందులో ఇంకో కిటుకుంది. అందరూ బాగా చదువుతున్నారని రాస్తే వచ్చినవాళ్లు నమ్మరు. వెనుకబడిన వాళ్ల కోసం ఏం చేశారని తప్పకుండా అడుగుతారు. కాబట్టి కొందరు వెనుకబడి తీరాలి. అయిదుగురిలో ఒకరి పేరు ఎదురుగా బలహీనం అని రాసి, వాళ్లకు ప్రత్యేక తరగతులు పెట్టినట్టు ఇంకో రిజిస్టరు నింపేవాళ్లం. ఇన్స్పెక్షన్ అయ్యాక రెండు రిజిస్టర్లూ స్టోర్ రూమ్‌లో విరిగిన బెంచీల మీదికి చేరేవి. వాటిని చదివిన మనిషి ఇంతవరకు పుట్టలేదు.

మార్చిలో మళ్లీ ఇన్స్పెక్షన్ అన్నారు. ఈసారి రిజిస్టర్లు చెల్లవట, అంతా కంప్యూటర్లో ఉండాలట. మా ప్రిన్సిపాల్ విఠల్‌రావు సారు ఎక్కడినుంచో ఒక కంపెనీని పట్టుకొచ్చారు. ఆ కంపెనీ మనిషి అమరనాథ్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. హాజరు, మార్కులు, మెంటర్ రాసిన మాటలు, మూడూ చదివి ఏ పిల్లకు ఏ కోర్సు సరిపడుతుందో దిక్సూచి అనే తమ ప్రోగ్రామే చెబుతుందన్నాడు. పచ్చరంగు వస్తే ఫరవాలేదు, పసుపైతే కనిపెట్టుకుని ఉండాలి, ఎరుపైతే తేలిక కోర్సుకు మార్చాలి. ఇంటికి ఫోను కూడా అదే చేస్తుందన్నాడు. ఇక పిల్లలతో ఎవరూ మాట్లాడనక్కరలేదని అర్థమై స్టాఫంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండేళ్ల మెంటర్ మాటలు కంప్యూటర్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. అందరి మెంటర్ల కాలమ్‌లోనూ నా పేరూ నా ఫోన్ నంబరే పెట్టమన్నారు. కోఆర్డినేటర్ అనే బిరుదొకటి తగిలించారు. నేను చేసిందల్లా ఇదీ. అయిదు వాక్యాలు రాసుకున్నాను. నాలుగు మంచివి. అయిదోది ఇది: 'ఇంటి బాధ్యతల వల్ల చదువుపై ఆసక్తి తగ్గింది. తేలికైన కోర్సు సూచించాము.' ఆ అయిదింటినీ ఒకదాని కింద ఒకటి పెట్టి, తెర మీద ఆ గళ్ల మూల పట్టుకుని కిందికి లాగాను. నాలుగు వందల పన్నెండు మంది పేర్ల ఎదురుగా వాటంతట అవే పరుచుకున్నాయి. నలభై నిమిషాలు పట్టింది, అందులో ఛాయ్‌కి పది.

ఊరికే ఒకసారి కిందికి మీదికి తిప్పి చూశాను. ల్యాబ్ టెక్నాలజీ రెండో ఏడులో అయిదో వాక్యం ఇరవై అయిదో నంబరు మీద పడింది. అది స్వీటీ నంబరు. ఆ వాక్యాన్ని తీసి కింది వరుసలో పెట్టాను. అక్కడున్న వాక్యాన్ని స్వీటీకి తెచ్చాను. 'చురుకైన విద్యార్థిని. నాయకత్వ లక్షణాలు ఉన్నాయి.'

కింది వరుస ఎవరిదో చూడలేదంటే అబద్ధం. చూశాను. రూప అని ఉంది.

రూప, స్వీటీ కాలేజీలో చేరిన రోజు ఒకే లైన్లో ముందూ వెనకా నిలబడ్డారు. అందుకే నంబర్లు పక్కపక్కన వచ్చాయి, స్నేహమూ అక్కడే మొదలైంది. రూపకు తల్లి లేదు. తండ్రి ఎల్లప్ప ఫలక్‌నుమాలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఆదివారాలు మా ఇంటికొచ్చి అమ్మకు షుగరు చూసేది. వేలు చూపించడానికి అమ్మ గొడవ పెట్టనిది ఒక్క రూప దగ్గరే. "అది గుచ్చితె గుచ్చినట్టే ఉండదురా. స్వీటీ గుచ్చితె పాణం పోతది," అనేది. క్లాసులో రూపది రెండో ర్యాంకు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే ఆ వాక్యం ఆమె పేరు ఎదురుగా పెట్టాను. ఎవరు చదువుతారులే అనుకున్నాను.

ఇన్స్పెక్షన్ వాళ్లు వచ్చారు, బిర్యానీ తిన్నారు, గోడ మీద రంగులు చూసి సంతోషపడ్డారు, వెళ్లారు.

ఏప్రిల్ రెండో వారంలో నోటీసు బోర్డు మీద ట్రైనింగ్ లిస్టు పెట్టారు. ల్యాబ్ టెక్నాలజీ పిల్లలకు ఆ లిస్టే అన్నింటికన్నా ముఖ్యం. మూడో ఏడు పెద్దాసుపత్రి ల్యాబ్‌లో ఆరు నెలలు పని నేర్చుకున్నవాళ్లకే టెక్నీషియన్ సర్టిఫికెట్ వస్తుంది. మిగతావాళ్లు క్లాసులో కూర్చుని పుస్తకం చదివి, ఎందుకూ కొరగాని మామూలు డిగ్రీ పట్టుకుని పోతారు. సీట్లు ఇరవై. పోయినేడు దాకా ర్యాంకు చూసి ఇచ్చేవాళ్లు. ఈసారి దిక్సూచి ఇచ్చింది. స్వీటీది పద్దెనిమిదో పేరు. రూప పేరు లేదు. ఎర్రరంగు వచ్చిన వాళ్లను లిస్టులోకి తీసుకోరట.

ఆ సాయంత్రం బండి మీద స్వీటీ నా భుజం కుదుపుతూనే ఉంది. "ఎక్కడ్నో తప్పు పడ్డదన్నా. రూపకు రాకుంటె ఇంకెవ్వరికొస్తది? నువ్వే గద అండ్ల ఎక్కిచ్చింది, జెర సూడరాదు." చూస్తానన్నాను. చూడనక్కరలేదని నాకు తెలుసు. బహదూర్‌పురా దగ్గర సిగ్నల్ పడితే, అది ఎప్పటికీ మారకుండా అక్కడే ఉండిపోతే బాగుండుననిపించింది.

రెండు రోజులకు ఎల్లప్ప కాలేజీకి వచ్చాడు. మెంటర్ ఎవరని ఆఫీసులో అడిగి నన్నే వెతుక్కుంటూ వచ్చాడు. మడత నలగని తెల్ల అంగీ తొడుక్కుని, చెప్పులు కంప్యూటర్ ల్యాబ్ బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు. కొట్లాటకు వచ్చాడనుకున్నాను. నిజానికి వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. అతను రెండు చేతులూ జోడించాడు.

"ఫోన్ల మీ మాట ఇన్న సార్," అన్నాడు. "తల్లి లేని పిల్ల. వంట అదే చేస్తది, నీళ్లు అదే పడ్తది. గంత బరువైతుందని నాకెన్నడు చెప్పలె. మీకు చెప్పుకున్నది. జెర మీరన్న కూసుండవెట్టి అడిగిన్రు."

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఫోన్ వచ్చిన నాటి నుంచి వంట తనే చేస్తున్నాడట, కూతుర్ని గిన్నె ముట్టనివ్వడం లేదట. మా ఇంటి సంగతి బయట ఎందుకు చెప్పావని ఒక్క మాటైనా అడగలేదట. ఆ పిల్లేమో నేనెవ్వరికీ ఏం చెప్పలేదని ఏడుస్తోందట. "తండ్రి బాధపడ్తడని గట్లంటది సార్, నాకు తెల్వదా," అన్నాడు. తేలిక కోర్సుకు ఒప్పుకుంటే ఒకటి నొక్కమన్నారు, నొక్కేశాడు. మెంటర్‌తో మాట్లాడాలంటే రెండు నొక్కమన్నారు. "పెద్దోళ్లను తిప్పలవెట్టుడెందుకని రెండు నొక్కలె. కని మనసాగలె, అందుకే నడుసుకుంట వచ్చిన," అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా అంగీ వైపు చూసి, కాలర్ నలిగిందనీ, బట్టలు తన బండి దగ్గరికి పంపితే తనే చేసిపెడతాననీ చెప్పాడు.

నా మీద నాకు అంత రోత ఎన్నడూ పుట్టలేదు. ఆ మనిషి తన బిడ్డ మాట కాదని, నేను ముఖం కూడా చూడకుండా రాసిన వాక్యాన్ని నమ్మాడు. నమ్మి, నాకు దండం పెట్టి పోయాడు.

నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. అమరనాథ్ కూడా అక్కడే ఉన్నాడు, ఇంకో కాలేజీకి ఎలా అమ్మాలో ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. రూపతో ఒక్కసారీ మాట్లాడలేదనీ, ఆ మాట ఊరికే పెట్టాననీ చెప్పాను. స్వీటీ వరుస సంగతి మాత్రం చెప్పలేదు. విఠల్‌రావు సారు అరవలేదు. కళ్లద్దాలు తీసి నెమ్మదిగా తుడుచుకున్నారు.

"ఊరికే రాయంది ఏ ఒక్కటైనా ఉందా ప్రేమ్?" అన్నారు. "ఇది అబద్ధమని ఇప్పుడు మనం చెబితే, నాలుగు వందల పన్నెండూ అబద్ధమే అవుతాయి. ఇన్స్పెక్షన్ వాళ్లిచ్చే గ్రేడు ఇంకా రాలేదు."

అమరనాథ్ ఫోన్ పక్కన పెట్టి, తమ వైపు నుంచి ఏ తప్పూ లేదన్నాడు. "మీరు ఏం ఇచ్చిన్రో అదే చదివింది సార్. గింత శ్రద్ధగ ఇంకెవ్వరు చదవరు." ఆ మాట నిజం. జీవితంలో మొదటిసారి మా రాతలను ఒకరు పూర్తిగా చదివారు, అది మనిషి కాకపోవడమే కాస్త తేడా. తర్వాత అతనే ఒక ఉపాయం చెప్పాడు. పక్కపక్కనున్న రెండు వరుసలు టైపు చేసేటప్పుడు తారుమారయ్యాయని రాస్తే దిద్దవచ్చు, లెక్క మారదు కాబట్టి ఎవరూ అడగరు. రూపకు పై వరుసతో మార్చినా చాలు, కింది వరుసతో మార్చినా చాలు. సారు లిస్టు తెరిచి చూశారు. కింది వరుస పిల్ల ఎప్పుడో టీసీ తీసుకుని పోయింది, కొట్టేసిన పేరుకు ఎరుపు పెడితే లెక్కలో ఒకటి తగ్గుతుంది. పై వరుసలో మా చెల్లె పేరుంది.

"ఆలోచించుకో," అన్నారు సారు. ఛాయ్ తెప్పించారు. తాగాను. అది గొంతు దిగిందని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

తొమ్మిది రోజులు ఆలోచించుకున్నాను. అంటే ఏమీ చేయలేదు. స్వీటీ అడిగినప్పుడల్లా కంపెనీ వాళ్లకు రాశానని చెప్పాను. ఆ తొమ్మిది రోజుల్లో కంపెనీ నంబరు నుంచి నా ఫోన్‌కు పద్నాలుగు సార్లు రింగొచ్చింది. ఎవరో తల్లులు, తండ్రులు రెండు నొక్కుతున్నారన్నమాట. నేను ఒక్కటీ ఎత్తలేదు. ఆదివారం రూప రాలేదు. అమ్మ వేలు చీరకొంగులో దాచుకుని కూర్చుంది, స్వీటీ గుచ్చబోతే వద్దంది. ఆ మధ్యాహ్నం స్వీటీ ఒక్కతే షేర్ ఆటో ఎక్కి ఫలక్‌నుమా వెళ్లింది. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. నేను మెట్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

ఎల్లప్పకు ఫోన్లో ఏం చెప్పారో రూప పొల్లు పోకుండా చెప్పిందట. ఆ పిల్ల దాన్ని ఎన్నిసార్లు తలుచుకుందో మరి. మెంటర్లు రాసినవి చూపించమంది స్వీటీ. కాలేజీ సంగతులు బయటికి చూపించకూడదని ఏదో గొణిగాను. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. లిస్టు తెరిచే ఉంది.

ముందు తన పేరు ఎదురుగా ఉన్నది చదివింది. నాయకత్వ లక్షణాలట. క్లాసులో లేచి ప్రశ్న అడగాలంటే కాళ్లు వణికే పిల్ల అది. తర్వాత కిందికి జరుపుకుంటూ పోయింది. మళ్లీ మీదికి వచ్చింది. వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అయిదు, పది, పదిహేను, ఇరవై. మల్ల ముప్పై, ముప్పై అయిదు. అన్ని అయిదుల మీదనే పడ్డయి," అంది. "ఇది ఒక్కటె ఇరవై ఆరు మీద ఎందుకున్నది?"

 ఆమె నా ముఖం చూసింది, మళ్లీ తెర చూసింది.

"ఇరవై అయిదు నాది గద," అంది.

ఇవన్నీ ఎవరూ చదవరనుకున్నానని చెప్పాను. ఎన్నో ఏళ్లుగా ఇట్లాగే రాస్తున్నామనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే చెత్తకుండీలోంచి వస్తున్నట్టు అనిపించాయి. ఆమె అంతా విన్నది.

"ఎవ్వరు చదవరంటె, నా లైన్లకెళ్లి ఎందుకు తీసినవన్నా?"

 ఆ జవాబేమిటో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. దాన్ని నోటితో అనడం చేతకాదు.

లోపల అమ్మ చపాతీలు చేస్తోంది, పెనం మీద పిండి మాడిన వాసన వచ్చింది. స్వీటీ లాప్‌టాప్ మూసి నా ఒళ్లో పెట్టింది. ఆ వాక్యాన్ని మళ్లీ దాని జాగాలోనే, తన పేరు ఎదురుగా పెట్టమంది. సీటు పోతుందని చెప్పాను. ఏడాదంతా పుస్తకం ముందు కూర్చోవలసి వస్తుందని, ఇంకేదైనా దారి దొరికే దాకా ఆగమని బతిమాలాను. తలుపు వెనక కొక్కేనికి ఆమె కొత్త తెల్లకోటు వేలాడుతోంది. లిస్టు వచ్చిన మర్నాడే అమ్మ కుట్టించింది.

"నాకు గావాలె ట్రైనింగ్. మస్తు గావాలె," అంది. లేచి నిలబడింది. "రేపే పెట్టు."

మర్నాడు పెట్టాను. రెండు నిమిషాల పని. రెండు వరుసలు తారుమారయ్యాయని ఒక ముక్క రాశాను, సారు సంతకం పెట్టారు, అమరనాథ్ ఏదో నొక్కాడు. రూప పచ్చగా మారింది. స్వీటీ ఎర్రగా మారింది. లెక్క చెడలేదు. ఎనభై రెండు ఎరుపులు ఉండాలి, ఎనభై రెండే ఉన్నాయి. మిగతా ఎనభై ఒక్క ఇళ్లలో ఆ గొంతు ఏం చేసిందో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. మే నెలలో కాలేజీకి మంచి గ్రేడు వచ్చిందని సభ పెట్టి నాకు శాలువా కప్పారు. కప్పించుకున్నాను. నన్ను ఏ పురుగుతో పోల్చాలో మీరే చూసుకోండి.

వరుసలు మార్చిన మర్నాటి నుంచి స్వీటీ నా బండి ఎక్కలేదు. ముందే లేచి ఆటోలో పోయేది. నా టిఫిన్ డబ్బా మాత్రం తనే కట్టి గుమ్మం దగ్గర పెట్టేది, ఎప్పటిలాగే. అడిగితే జవాబు చెప్పేది. తనంతట తను ఏమీ చెప్పేది కాదు. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు. కోటు మాత్రం కొక్కెం మీద లేదు. రూప పొడుగు మనిషి, ఆమెకు మోకాళ్ల మీదికి వచ్చి ఉంటుంది.

వరుసలు మార్చిన ఆ వారం ఆదివారం చర్చి నుంచి వచ్చి నలుగురం భోజనానికి కూర్చున్నాం. అమ్మ మటన్ వండింది. దిక్సూచికి ఆదివారం లేదు. బాపు ఫోన్ మోగింది. చెయ్యి కూరలో ఉందని ఎడమచేత్తో స్పీకర్ నొక్కి గిన్నె పక్కన పెట్టాడు.

"నమస్కారం. నేను మీ దిక్సూచిని. స్వీటీ తల్లిదండ్రులకు తెలియజేయునది. ఇంటి బాధ్యతల వల్ల మీ అమ్మాయికి చదువుపై ఆసక్తి తగ్గిందని మెంటర్ గుర్తించారు. తేలికైన కోర్సు సూచించాము."

అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. స్వీటీ తలెత్తలేదు, అన్నం కలుపుతూనే ఉంది. బాపు ముందు ఫోన్ వైపు చూశాడు, తర్వాత స్వీటీ వైపు. నీళ్ల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు చేసి, ఇంట్లో ఒక్క బిందె కూడా కూతురితో మోయించని మనిషి. ఆయన ముఖంలో కోపం లేదు. ఎల్లప్ప ముఖంలో చూసిందే ఉంది.

"అంగీకరిస్తే ఒకటి నొక్కండి. మెంటర్‌తో మాట్లాడుటకు రెండు నొక్కండి."

బాపు చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. రెండు నొక్కాడు.

నా జేబులో ఫోన్ మోగింది. ఆ నంబరు నాకు బాగా తెలుసు. మోగీ మోగీ ఆగుతుందని చూశాను, ఆగలేదు. ఎత్తరాదురా అంది అమ్మ. ఎత్తాను. హలో అన్నాను. నా హలో బాపు ఫోన్లోంచి గిన్నెల మధ్య మళ్లీ వినిపించింది.

బాపు నా వైపు చూశాడు. తర్వాత స్పీకర్ ఆపి, ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్," అన్నాడు. "పిల్ల మీద మేమేం బరువేసినమో జెర చెప్పున్రి."